పూచీ పడేదెవరు? - అమెరికా బ్యాంకుల గుమ్మంలో విదేశీ పట్టభద్రుడు

సాహిత్య విమర్శ పత్రికలో బ్యాంకు ఉద్యోగాల చరిత్ర ఏమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. మన కథల్లోకి అమెరికా వచ్చి చాలాకాలమయింది. మంచు వచ్చింది, ఆవకాయ జాడీ వచ్చింది, తెలుగు రాని పిల్లలు వచ్చారు, ఊళ్లో తండ్రి పోతే సమయానికి విమానం దొరకని కొడుకు వచ్చాడు. కాని నేను చదివినంతలో ఆ కొడుక్కి ఉద్యోగం ఎలా దొరికిందన్నది కథలో రెండు వాక్యాలకు మించదు. మొదటి పేజీ తెరిచేసరికే అతను ఉద్యోగస్థుడు. పైగా దాదాపు ఎప్పుడూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగస్థుడు. ఉద్యోగం దొరికినవాడి దిగులు మీద మనకి బోలెడు సాహిత్యం ఉంది. దొరకనివాడు తిరిగొచ్చి నోరు మూసుకుని ఉంటాడు కాబట్టి అతని మీద లేదు. చరిత్ర తెలియకుండా ఆ కథ రాస్తే అది వ్యక్తి చేతకానితనం కథో, దురదృష్టం కథో అయి కూర్చుంటుంది. నా అభ్యంతరం అక్కడ.

నేను కృష్ణా డెల్టాలో ఒక పట్టణంలో ముప్ఫై ఏళ్లు కామర్సు పాఠాలు చెప్పాను. అందుచేత ఇంజనీర్ల కంటే, ఫైనాన్స్ చదవటానికి సముద్రాలు దాటిన వాళ్లే నాకు ఎక్కువ తెలుసు. వాళ్లు రాసే దరఖాస్తులు కొన్ని నేనూ చూశాను. పేరు, చదువు, మార్కులు అన్నీ నింపిన తర్వాత చివరి పేజీలో ఒక ప్రశ్న ఉంటుంది. ఈ దేశంలో పనిచెయ్యటానికి మీకు ఇప్పుడు గాని, ఇకముందు గాని సంస్థ స్పాన్సర్‌షిప్ అవసరమవుతుందా? అవును, కాదు అని రెండే గళ్లు. అవును అన్న గడిలో గుర్తు పెడితే చాలా సంస్థల్లో ఆ దరఖాస్తును మనిషి చూడడు. యంత్రమే పక్కన పెడుతుంది. కాదు అని పెడితే అది అబద్ధం. తర్వాత బయటపడుతుంది. స్పాన్సర్‌షిప్ అనే మాటకి మన పల్లెల్లో చాలా పాత మాట ఉంది, పూచీ. అప్పు పుట్టాలంటే ఎవరో ఒకరు పూచీ పడాలి. ఇక్కడ కొలువు పుట్టాలన్నా అంతే. తేడా ఏమిటంటే, పూచీ పడవలసినవాడే కొలువిచ్చేవాడు కూడా. తనకి తానే పూచీ పడటానికి అతనికి ఇష్టం ఉండదు.

ఇది అన్యాయం కాదా, చట్టం ఒప్పుకుంటుందా అని నేను మొదట అనుకున్నాను. ఒప్పుకుంటుంది. 1986 నాటి వలస సంస్కరణ చట్టం, పౌరసత్వ హోదాను బట్టి ఉద్యోగంలో వివక్ష చూపరాదన్నది. కాని ఆ రక్షణ ఎవరికి? అమెరికా పౌరులకి, శాశ్వత నివాసులకి, శరణార్థులకి, ఆశ్రయం పొందినవాళ్లకి. విద్యార్థి వీసా మీద చదివి డిగ్రీ పుచ్చుకున్నవాడు ఆ జాబితాలో లేడు. నీ పుట్టుక చూసి, నీ రంగు చూసి కాదనటం నేరం. పూచీ పడలేనని కాదనటం నేరం కాదు. రెండింటి మధ్య గీత కాగితం మీద ఎంత స్పష్టంగా ఉన్నా, గుమ్మం బయట నిలబడ్డవాడికి అంత స్పష్టంగా కనపడదు.

ఈ ఏర్పాటు నిన్న మొన్న పుట్టింది కాదు. 1917 చట్టం ఆసియాలో ఒక పెద్ద భూభాగానికి గీత గీసి అక్కడి జనం రాకూడదన్నది. మన దేశం అందులో ఉంది. విద్యార్థులకి మాత్రం మినహాయింపు ఇచ్చింది. 1924 చట్టం విద్యార్థిని కోటా లెక్కలో చేర్చకుండా, చదువు కోసం మాత్రమే వచ్చేవాడుగా నిర్వచించింది. అంటే కూలివాడు రాకూడదు, చదువుకునేవాడు రావచ్చు, చదువుకుని కూలివాడిగా మారకూడదు. ఈ మూడు ముక్కల్లోనే తర్వాత వందేళ్ల కథంతా ఉంది.

ఆ కాలపు మనిషి మనకి ఒకరున్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల తొలినాళ్లలో బోస్టన్ చేరారు. చేతిలో మద్రాసు వైద్య విద్య ఉంది. అది అక్కడ ఇంటర్న్ ఉద్యోగానికి చెల్లలేదు. ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేసుకుంటూ చదివారు. హార్వర్డులో పరిశోధన చేసి పేరు తెచ్చుకున్నా అక్కడ స్థిరమైన కొలువు దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లిపోయారు. 1948లో పోయేనాటికి కూడా ఆయన అమెరికా పౌరుడు కాదు. భారతీయులకి ఆ హక్కు 1946లో గాని రాలేదు, అదీ ఏడాదికి నూరు మంది కోటాతో. ఆయన్ని మహనీయుడుగా పాఠ్యపుస్తకాల్లో పెట్టాం, మంచిదే. కాని ఆయన కథని పట్టుదల కథగా మాత్రమే చెప్పి, ఆ పోర్టరు పని ఎందుకు చెయ్యవలసి వచ్చిందో చెప్పకుండా వదిలేశాం.

1947లో అమెరికా ప్రభుత్వం ఒక నిబంధన తెచ్చింది. చదువుకి అనుబంధంగా పని అనుభవం అవసరమని విద్యాసంస్థ సిఫారసు చేస్తే, విదేశీ విద్యార్థి ఆరు నెలలు, పొడిగింపులతో పద్దెనిమిది నెలల దాకా పనిచెయ్యవచ్చు. యుద్ధం అయిపోయింది. కొత్తగా స్వతంత్రమవుతున్న దేశాల యువకులు అమెరికన్ పద్ధతులు నేర్చుకుని వెళ్లి తమ దేశాల్లో అమలు చెయ్యాలన్నది ఆలోచన. నేర్చుకుని వెళ్లాలి. ఉండిపోవాలని కాదు. 1952 చట్టం ఆ మాటని ఇంకా గట్టిపరిచింది: స్వదేశంలో ఇల్లు ఉందనీ, దాన్ని వదులుకునే ఉద్దేశం లేదనీ విద్యార్థి చూపించాలి. ఈనాటికీ హైదరాబాదు కాన్సులేటు కిటికీ ముందు నిలబడ్డ పిల్లవాడు ఆ 1952 నాటి వాక్యానికే సమాధానం చెబుతున్నాడు. తిరిగి రానని మనసులో ఉన్నా, తిరిగొస్తానని నోటితో అనాలి. అప్పు చూస్తే, నాలుగేళ్లు డాలర్లు సంపాదించకపోతే తీరదని రుణమిచ్చిన బ్యాంకుకీ తెలుసు, కన్న తండ్రికీ తెలుసు. ఒక మనిషి చేత ఒకే ఏడాది రెండు విరుద్ధమైన ప్రమాణాలు చేయిస్తున్నాం: తిరిగొచ్చేస్తానని అమెరికాకి, తిరిగి చెల్లిస్తానని బ్యాంకుకి.

1965 చట్టం తర్వాత మనవాళ్లు వెళ్లిన దారి వైద్యం, ఇంజనీరింగు. ద్రవ్య వ్యాపారం కాదు. అందుకు కారణం మనవాళ్లకి లెక్కలు రాకపోవటం కాదు. వాల్ స్ట్రీట్ అప్పటికి కుటుంబాల, క్లబ్బుల, పాత కాలేజీ స్నేహాల వ్యవహారం. అక్కడి తెల్లవాళ్లలోనే ప్రొటెస్టెంటుల సంస్థలు వేరు, యూదుల సంస్థలు వేరు. అలాంటి చోట విజయవాడ నుంచి వచ్చినవాడికి తలుపు ఎవరు తీస్తారు? ఆ తలుపు కొంచెమైనా తెరుచుకున్నది రెండు మార్పుల వల్ల. 1975 మే 1న షేరు బ్రోకర్ల స్థిర కమీషను రద్దయింది, పోటీ పెరిగింది, పరిచయాల మీద బతికిన సంస్థలు కుదేలయ్యాయి. అంతకు రెండేళ్ల ముందే, 1973లో, ఆప్షన్ ధరలు కట్టే బ్లాక్, షోల్స్ సూత్రం అచ్చయింది. 1980లు వచ్చేసరికి వాల్ స్ట్రీట్‌కి భౌతిక శాస్త్రం, గణితం చదివినవాళ్లు కావలసి వచ్చారు. విదేశీయుడు ఆ ఇంట్లోకి ముందు గుమ్మం నుంచి కాదు, గణితం అనే దొడ్డి గుమ్మం నుంచి ప్రవేశించాడు. దానికోసం ప్రత్యేక డిగ్రీలు కూడా పుట్టాయి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం 1994లోనే కంప్యుటేషనల్ ఫైనాన్స్‌లో మాస్టర్స్ మొదలుపెట్టింది.

ముందు గుమ్మం మాత్రం అలాగే ఉంది. కారెన్ హో అనే మానవశాస్త్రజ్ఞురాలు వాల్ స్ట్రీట్‌లో పనిచేసి, 2009లో ‘లిక్విడేటెడ్’ అనే పుస్తకం ప్రచురించింది. ప్రిన్స్‌టన్, హార్వర్డు లాంటి రెండు మూడు చోట్ల నుంచి పిల్లల్ని ఏరుకొచ్చి, వీళ్లే తెలివైనవాళ్లని లోకాన్ని నమ్మించటం ఆ సంస్థల వ్యాపారంలో భాగమని అందులో చూపించింది. లారెన్ రివేరా అనే సామాజిక శాస్త్రజ్ఞురాలు 2015లో ‘పెడిగ్రీ’ అనే పుస్తకంలో బ్యాంకుల, న్యాయ సంస్థల, సలహా సంస్థల ఎంపిక ఎలా జరుగుతుందో రాసింది. మార్కులతో పాటు ఏ ఆట ఆడావు, సెలవుల్లో ఎక్కడికెళ్లావు, నీతో విమానాశ్రయంలో ఇరుక్కుపోతే నాకు విసుగు పుడుతుందా అన్నది కూడా అక్కడ తూస్తారు. పొలం పనులకి సాయం చేస్తూ డిగ్రీ చదివినవాడు ఆ తూకంలో ఎంత తూగుతాడో చెప్పనక్కర లేదు. మన దగ్గర ‘మనవాడేనా’ అని అడుగుతారు. అక్కడ ‘మనలో కలుస్తాడా’ అని అడుగుతారు. రెండు ప్రశ్నలూ అక్కాచెల్లెళ్లు.

1990 చట్టం హెచ్-1బి అనే పేరుతో ఇవాళ మనకి తెలిసిన వీసాని సృష్టించింది. అంతకుముందు 1952 నాటి హెచ్-1కి విశేష ప్రతిభ ఉండాలి. ఇప్పుడు ప్రత్యేక వృత్తి, దానికి తగ్గ డిగ్రీ చాలు. ఏడాదికి 65,000 పరిమితి. 2001 నుంచి మూడేళ్లు అది 1,95,000 దాకా పోయి మళ్లీ 65,000కి దిగింది. అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకి ఇంకో 20,000 కలిపింది 2004 చివర్లో వచ్చిన చట్టం. ఈ మధ్య 1992లో, చదువు తర్వాత పన్నెండు నెలల పని అనుమతికి ఓ.పి.టి. అనే రూపం స్థిరపడింది. ఈ అంకెలన్నీ మన ఇళ్లలో పంచాంగంలా నోటికి వచ్చినవే కనుక ఎక్కువ చెప్పను.

నేను ఆగదలుచుకున్నది 2009 దగ్గర. మన వలస చర్చల్లో దాదాపు ఎవరూ ఎత్తని సంవత్సరం అది.

2008 సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. అక్టోబరు 3న అమెరికా ప్రభుత్వం 70,000 కోట్ల డాలర్ల సహాయ నిధికి చట్టం చేసింది. ఇళ్ల అప్పులతో జూదమాడి కూలిపోయిన బ్యాంకుల్ని ప్రజాధనంతో నిలబెట్టారు. లక్షలాది మంది పనులు పోగొట్టుకున్నారు. జనం కోపంగా ఉన్నారు, ఉండటం న్యాయం. 2009 ఫిబ్రవరిలో అసోసియేటెడ్ ప్రెస్ ఒక వార్త ప్రచురించింది. అత్యధికంగా సహాయం పొందిన డజను బ్యాంకులు గత ఆరేళ్లలో 21,800కు పైగా విదేశీ ఉద్యోగులకి వీసాలు అడిగాయని. ఇంకేముంది, కోపానికి ఒక ముఖం దొరికింది. సెనేటులో బెర్నీ శాండర్స్, చక్ గ్రాస్లీ కలిసి సవరణ తెచ్చారు. మొదట పూర్తి నిషేధమే అడిగారు. చివరికి మెత్తబడి ఫిబ్రవరి 17న ఆర్థిక ఉద్దీపన చట్టంలో భాగమయింది. సహాయ నిధి పుచ్చుకున్న బ్యాంకు కొత్తగా హెచ్-1బి మీద ఎవరినైనా తీసుకోవాలంటే, ముందు అమెరికన్ల కోసం చిత్తశుద్ధితో వెతికామని, ఎవరినీ తొలగించి ఈ మనిషిని పెట్టలేదని హామీ ఇవ్వాలి. రెండేళ్ల గడువు.

ఇందులో తప్పేముంది అనిపిస్తుంది. తొలగించిన మనిషి స్థానంలో చవక మనిషిని పెట్టకూడదనటం కార్మికోద్యమం ఎప్పుడూ అడిగే మాటే. శాండర్స్ తనని తాను సోషలిస్టునని చెప్పుకునే మనిషి. గ్రాస్లీ కాదు. ఇద్దరూ ఒక కాగితం మీద సంతకం పెట్టారంటే ఆ కాగితాన్ని ఇంకోసారి చదవాలి. చదివితే రెండు సంగతులు కనపడతాయి.

మొదటిది. ఇలాంటి హామీలు అంతకుముందే చట్టంలో ఉన్నాయి. ఉద్యోగుల్లో చట్టం నిర్ణయించిన వాటా మేరకు హెచ్-1బి మనుషులు ఉండే సంస్థలకి అవి వర్తిస్తాయి. కాని మాస్టర్స్ డిగ్రీ ఉన్నవాడినో, ఏడాదికి 60,000 డాలర్లు ఇచ్చేవాడినో తెచ్చుకుంటే ఆ సంస్థలకి మినహాయింపు. 2009 నిబంధన బ్యాంకులకి మాత్రం ఆ మినహాయింపు తీసేసింది. అంటే మనుషుల్ని అద్దెకిప్పించే దళారీ కంపెనీ యథాప్రకారం తెచ్చుకోవచ్చు. అమెరికాలోనే ఫీజు కట్టి చదివి, అమెరికన్ పక్కన కూచుని అదే పరీక్ష రాసినవాణ్ణి బ్యాంకు తీసుకోవాలంటే మాత్రం ఆ హామీలన్నీ ఇచ్చుకోవాలి. చట్టం నిషేధించలేదు. బ్యాంకుకి విసుగు కలిగించింది. ప్రారంభ ఉద్యోగి కోసం ఏ బ్యాంకూ విసుగు భరించదు. 2009 మార్చిలో బ్యాంక్ ఆఫ్ అమెరికా విదేశీ ఎం.బి.ఏ. విద్యార్థులకి అప్పటికే ఇచ్చిన ఉద్యోగ పత్రాల్ని వెనక్కి తీసుకుంది. కారణంగా ఈ నిబంధననే చూపించింది.

రెండోది ఇంకా ముఖ్యం. ఆ సంవత్సరం వీసాలకి కరువు లేదు. 2007 ఏప్రిల్లో రెండు రోజుల్లో లక్షకు పైగా దరఖాస్తులు పడి లాటరీ తియ్యవలసి వచ్చింది. 2008లోనూ అంతే. 2009లో ఏప్రిల్లో తెరిచిన కోటా నిండటానికి డిసెంబరు దాకా పట్టింది. 2010లో ఇంకా ఆలస్యం. కోటా ఖాళీగా ఉంది, పట్టభద్రుడు ఖాళీగా ఉన్నాడు, రెండూ కలవలేదు. వీసా దొరకదు కాబట్టి ఉద్యోగం ఇవ్వలేమన్న మాట ప్రతి ఏడాదీ వింటాం. వీసా దొరికిన రెండేళ్లలో కూడా ఉద్యోగం ఇవ్వలేదన్న సంగతిని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

జూదం ఆడినవాళ్లు ఎవరు? ఆ పత్రాలు వెనక్కిచ్చిన పాతికేళ్ల పిల్లలు కాదు. వాళ్లు ఇంకా కుర్చీలో కూచోనే లేదు. బోనసులు కొనసాగాయి. శిక్ష మాత్రం ఇంకా లోపలికి రాని మనిషికి పడింది. శాండర్స్ కోపం సరైనదే అయినా, అది పైకి వెళ్లకుండా కిందికి జారింది. అమెరికన్ కార్మికుడి వైపు నిలబడటమంటే విదేశీ పట్టభద్రుణ్ణి గుమ్మంలో ఆపటమేనన్న తర్కాన్ని నేను ఒప్పుకోను. అదే సమయంలో, మన పిల్లలకి అన్యాయం జరిగిందని ఏడ్చి, అక్కడ ఇల్లు పోగొట్టుకున్న గుమస్తా సంగతి ఎత్తని మన సంఘాల వాదాన్ని కూడా ఒప్పుకోను. పూచీ ఒక్క యజమాని చేతుల్లోనే ఉన్నంతకాలం విదేశీ ఉద్యోగి జీతం కోసం గట్టిగా మాట్లాడలేడు. అది చూసి అమెరికన్ ఉద్యోగి భయపడతాడు. ఈ భయంలో లాభం ఇద్దరిలో ఎవరికీ లేదు. 2011 ఫిబ్రవరిలో ఆ నిబంధన గడువు తీరిపోయింది. దరఖాస్తులో ఆ ప్రశ్న మాత్రం పోలేదు.

ఇదే కాలంలో ఇంకో పని చడీచప్పుడు లేకుండా జరిగింది. 2008 ఏప్రిల్లో ప్రభుత్వం సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగు, గణితం చదివినవాళ్లకి ఓ.పి.టి.ని 17 నెలలు పొడిగించింది. 2015లో కోర్టు ఆ నిబంధన చేసిన పద్ధతి సరికాదని కొట్టేస్తే, 2016లో 24 నెలలుగా చేసి మళ్లీ తెచ్చారు. ఏ చదువు ఆ కోవలోకి వస్తుందన్నది ప్రభుత్వం ఇచ్చే ఆరంకెల సంఖ్య తేలుస్తుంది. ఫైనాన్స్‌కి 52.0801. అది జాబితాలో లేదు. ఫైనాన్షియల్ మ్యాథమేటిక్స్‌కి 27.0305. అది ఉంది. ఇద్దరు పిల్లలు ఒకే గదిలో ఒకే ఆస్తి అప్పుల పట్టీ విప్పి చదివి, ఒకరు పన్నెండు నెలలకి పెట్టె సర్దుకోవాలి, ఇంకొకరు ముప్ఫై ఆరు నెలలు ఉండవచ్చు. ఒకరికి వీసా లాటరీలో ఒకసారి, మహా అయితే రెండుసార్లు చీటీ పడుతుంది. ఇంకొకరికి మూడుసార్లు. విశ్వవిద్యాలయాలు ఊరుకుంటాయా? డిగ్రీల పేర్లు మారాయి. ఆర్థిక శాస్త్ర శాఖలు తమ చదువుని ఎకానమెట్రిక్స్ సంఖ్య కిందికి మార్చుకున్నాయి. ఎం.బి.ఏ.లకి కూడా గణితం తోక తగిలింది. ఇది మోసమని నేను అనను. సిలబసు కొంత మారింది కూడా. కాని ఒక చదువు ఏమిటన్నది దాని లోపల ఉన్న విషయాన్ని బట్టి కాక, దానివల్ల ఎన్ని నెలల అనుమతి వస్తుందన్న దాన్ని బట్టి తేలే పరిస్థితి వచ్చింది. బ్యాంకింగు చరిత్ర, కార్మిక ఆర్థిక శాస్త్రం ఇలాంటివి చదివేవాడు కనపడడు. వాటికి నెలలు రావు.

నెలల లెక్క ఎంత కఠినమో నాకు నా దగ్గర బి.కాం. చదివిన ఒక అమ్మాయి వల్ల అర్థమయింది. ఆగస్టులో తూర్పు తీరంలో ఒక విశ్వవిద్యాలయంలో ఫైనాన్స్ మాస్టర్స్‌కి చేరింది. చేరిన రెండో వారానికే తెలిసిందట, పెద్ద బ్యాంకులు వచ్చే వేసవి శిక్షణ స్థానాలు తను విమానం ఎక్కకముందే నింపేశాయని. ఆ శిక్షణ చేసినవాళ్లనే తర్వాత ఉద్యోగంలోకి తీసుకుంటారు. ఏడాది చదువులో మధ్యలో వేసవి అసలు ఉండదు. డిగ్రీ అయ్యాక ఓ.పి.టి.లో ఉద్యోగం లేకుండా గడిపే రోజులు మొత్తం 90 దాటకూడదు. చిన్న సంస్థలకి వెళ్తే వాళ్లకి ఈ చట్టాలు తెలియవు, లాయరు ఖర్చు అనగానే వెనక్కి తగ్గుతారు. మొదటి ఏడాది ఓ.పి.టి.లో సంస్థ ఏ పూచీ పడనక్కర లేదనీ, పైగా విదేశీ విద్యార్థికి మొదటి ఐదేళ్లు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు లేవు కాబట్టి సంస్థకి తన వాటా మిగులుతుందనీ ఆ అమ్మాయే వాళ్లకి చెప్పవలసి వచ్చింది.

“మాస్టారూ, మీరు పరీక్షలో మార్కులు తగ్గిస్తే కాగితం మీద ఎక్కడ తప్పో గీత పెట్టేవారండీ. ఇక్కడ గీత ఉండదండీ. ఉత్తరం కూడా రాదు,” అంది ఒక రాత్రి ఫోనులో.

“ఎన్ని వేశావమ్మా?” అని అడిగాను.

“నాలుగు వందలు దాటాక లెక్కపెట్టటం మానేశానండి. నాన్నగారికి మాత్రం చెప్పకండి, యాభై అని చెప్పాను.”

తండ్రికి చెప్పలేదు. రెండెకరాల కాగితాలు బ్యాంకులో ఉన్న సంగతి నాకు తెలుసు.

అందరూ ఇలా ఫోను దగ్గర ఆగరు. తొంభై రోజుల గడియారం ఒక వ్యాపారాన్ని పుట్టించింది. కాగితం మీద ఉద్యోగం చూపించే దళారీలు, మొదటి రోజు నుంచే పని అనుమతి ఇచ్చే పేరులేని కాలేజీలు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ అనే విశ్వవిద్యాలయాన్ని మూసేసినప్పుడు అక్కడి విద్యార్థుల్లో అత్యధికులు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. కొందరి కాళ్లకి రేడియో పట్టీలు కట్టారు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ పేరుతో ప్రభుత్వమే ఒక దొంగ విశ్వవిద్యాలయం నడిపి వల పన్నింది. మొదట అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. అప్పుడు మన పత్రికల్లో సంపాదకీయాలు వచ్చాయి. పిల్లలు తొందరపడ్డారనీ, తల్లిదండ్రులు జాగ్రత్తగా ఉండాలనీ. గడియారం సంగతి ఒక్కటీ ఎత్తలేదని నాకు జ్ఞాపకం.

పోనీ, గడియారాన్ని దాటి ఉద్యోగం పట్టినవాడికి? లాటరీ. 2025 వసంతంలో అర్హమైన నమోదులు 3,43,981 వస్తే ఎంపికైనవి 1,20,141. లాటరీకి ఒక గుణం ఉంది, దానికి జీతం కనపడదు. ఆ గుణం కూడా పోయింది. 2025 సెప్టెంబరు 19న అధ్యక్షుడు ట్రంప్ కొత్త హెచ్-1బి దరఖాస్తుకి లక్ష డాలర్లు కట్టాలని ప్రకటన చేశాడు. అమెరికాలోనే ఉండి విద్యార్థి హోదా నుంచి మారేవాళ్లకి అది వర్తించదని అక్టోబరులో వివరణ వచ్చింది. ఈ మధ్య నెల రోజులు ఎందరు యజమానులు భయపడి మొహం తిప్పుకున్నారో ఏ లెక్కా చెప్పదు. అంతకంటే లోతైన మార్పు డిసెంబరులో వచ్చిన తుది నిబంధన. జీతాల్ని నాలుగు మెట్లుగా విభజించి, నాలుగో మెట్టు మనిషికి లాటరీలో నాలుగు చీట్లు, మొదటి మెట్టు మనిషికి ఒకటే చీటీ అన్నది. మొదటి మెట్టు అంటే ఎవరు? ఉద్యోగంలో కొత్తగా చేరినవాడే. చవక శ్రమని అరికట్టటానికే ఇది అన్నారు. చవక శ్రమకీ కొత్త శ్రమకీ తేడా చూడని తూకం ఇది. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాడు ఎక్కడి నుంచో ఊడిపడడు, ఒకప్పుడు మొదటి మెట్టు మీద నిలబడ్డవాడే.

ఇక మన గడప దగ్గరికి వస్తే, బ్యాంకు ఉద్యోగానికి పూచీ అడగటం మనకి కొత్త కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు స్థాపించిన రోజుల్లోనూ, ఆ తర్వాత చాలాకాలమూ మన దేశపు ప్రయివేటు బ్యాంకుల్లో గుమస్తాగిరీకి పెద్దమనిషి ఉత్తరం కావలసి వచ్చేది. 1969లో 14, 1980లో ఆంధ్రా బ్యాంకుతో సహా 6 బ్యాంకులు జాతీయమై, బహిరంగ పోటీ పరీక్షలు, రిజర్వేషన్లు వచ్చాకే మాల మాదిగ ఇళ్ల నుంచి, నేతగాళ్ల ఇళ్ల నుంచి పిల్లలు కౌంటరు వెనక్కి వెళ్లగలిగారు. ఆ పరీక్షకి లోపాలు లేకపోలేదు. కాని తప్పినవాడికి ఎందుకు తప్పాడో తెలిసేది. ఆంధ్రా బ్యాంకు పేరు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసి మాయమయింది. నా దగ్గర చదివిన మొదటి తరం అందులో చేరటానికి గైడ్లు కొన్నది. రెండో తరం జి.మ్యాట్ పుస్తకాలు కొన్నది.

ఈలోగా వాల్ స్ట్రీట్ మన దగ్గరికే వచ్చింది. డి.ఈ. షా 1996లోనే హైదరాబాదులో కార్యాలయం తెరిచింది. బ్యాంక్ ఆఫ్ అమెరికా అనుబంధ సంస్థ 2004లో వచ్చింది, గోల్డ్‌మన్ శాక్స్ 2021లో వచ్చింది. మనిషి సముద్రం దాటటానికి ఇన్ని చట్టాలు కావలసి వచ్చాయి గాని, అతని పని సముద్రం దాటటానికి ఒక తీగ చాలింది. దానికి కోటా లేదు, లాటరీ లేదు, లక్ష డాలర్ల రుసుము లేదు. న్యూయార్క్‌లో పూచీ పడలేమన్న సంస్థ హైదరాబాదులో ఏ పూచీ లేకుండానే అదే మనిషిని తీసుకుంటుంది, అక్కడి జీతంలో చిన్న ముక్కకి. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వాళ్లలో తిరిగొచ్చేవాళ్లని ఈ కార్యాలయాలు రెండు చేతులా ఆహ్వానిస్తున్నాయి. వాళ్ల శిక్షణ ఖర్చు డాలర్లలో వాళ్ల తండ్రులే పెట్టేశారు మరి.

ఆ అమ్మాయి ఎనభై ఆరో రోజున తిరుగు విమానం ఎక్కింది. ఇప్పుడు నానక్‌రాంగూడలో పెద్ద అద్దాల మేడలో, పేరు చెప్పను, అమెరికన్ కంపెనీల అప్పు యోగ్యత మీద నివేదికలు తయారుచేస్తుంది. సాయంత్రం మొదలుపెట్టి అర్ధరాత్రి దాకా, న్యూయార్క్ వేళలకి. నివేదిక మీద సంతకం అక్కడి అనలిస్టుది. అతనికి ఇరవై మూడేళ్లట, మంచి కుర్రాడట, ఆప్షన్లంటే భయమట. అప్పు రూపాయల్లో, జీతం రూపాయల్లో, వడ్డీ నెలనెలా పోగా మిగిలింది అసలుకి జమ. ఈ లెక్కన తొమ్మిదేళ్లు పడుతుందని తనే పట్టీ వేసి నాకు పంపింది. పట్టీలో తప్పులేమీ లేవు.